నేను మానేసిన కొలువులు

పోయిన నెల వికారాబాద్‌లో మా బామ్మర్ది పదవీ విరమణ సభ జరిగింది. ముప్పై నాలుగేళ్లు ఒకే దఫ్తరులో, మధ్యలో కుర్చీలు మారినా గేటు మాత్రం మారకుండా పనిచేసి, తలపండి బయటికి వస్తున్న మనిషి కదా, ఫంక్షన్ హాలు నిండిపోయింది. అతన్నీ, మా చెల్లెమ్మనూ వేదిక మీద పక్కపక్కన కూర్చోబెట్టి, ఒకరి తర్వాత ఒకరు వచ్చి శాలువాల మీద శాలువాలు కప్పుతుంటే, రెండో వరుసలో కూర్చున్న నేను మనస్ఫూర్తిగానే చప్పట్లు కొట్టాను. అప్పుడు నా పక్క కుర్చీలో ఉన్న అతని దఫ్తరు ఉద్యోగి ఒకాయన, ఊరికే కూర్చోవడం బాగుండదనుకున్నాడేమో, నావైపు తిరిగి, "పెద్దనాయినా, మీరు ఏడ రిటైర్ అయిండ్రు?" అని అడిగాడు.

నవ్వి ఊరుకున్నాను. ఆ హోరులో నాకు వినబడలేదనుకొని ఆయనా ఊరుకున్నాడు. కానీ భోజనాలయ్యి ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఒక్క మాటలో చెప్పదగిన జవాబు నా దగ్గర లేదు మరి. మన వయసు వాళ్లకు తెలుసు, మన కాలంలో ఉద్యోగం అంటే ఏమిటో. మీసాలు వస్తున్నప్పుడు ఏ గేటులోంచి లోపలికి పోయామో, జుట్టు నెరిశాక అదే గేటులోంచి బయటికి రావడం. మనిషిని అతని పేరుతో కాక "మిల్లాయన", "ఫ్యాక్టరీ ఆయన", "పోస్టాఫీసాయన" అని పిలిచిన రోజులవి. నన్ను అలా ఏదో ఒక పేరుతో పిలుద్దామని మా బంధువులు ఎంత ప్రయత్నించినా, ఒక పేరు నోట పడేలోపు నేను ఇంకో చోటికి మారిపోయేవాణ్ణి.

మాది పెద్దేముల్ పక్కన చిన్న ఊరు. గొర్రెల మంద మా బతుకుదెరువు. నేను కొలువులు మారుస్తున్న కొద్దీ, మందల వెంట తిరిగిన రక్తం ఒకచోట నిలవదులే అని చుట్టాలు నవ్వేవాళ్లు. ఆ మాట మా నాయనకు అన్యాయం చేసే మాట. ఆయన మందను తోలుకొని ఏటేటా అవే ఊళ్ల మీదుగా పోయేవాడు, ఎరువు కోసం ఏ నెలలో ఏ రైతు చేనులో మంద నిలపాలో మా తాత కాలం నుంచి ఖరారై ఉండేది, ఒక్క ఏడాది కూడా ఆయన ఒక రైతును విడిచి మరో రైతు చేనుకు పోయిన గుర్తు నాకు లేదు. నిలకడ లేనితనం మా వంశంలో ఎవరిదీ కాదు, అచ్చంగా నాదే.

మా ఇంట్లో ఇంటర్ దాకా చదివింది నేనొక్కణ్ణే. చదువు కాగానే మా మేనమామ నన్ను తాండూరులో ఒక బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలో పెట్టించాడు. పాలిష్ పట్టిన నాపరాళ్లను టేపుతో కొలిచి, అంచు మీద చాక్‌పీసుతో కొలత రాయడం నా పని. రోజంతా మిషన్ల చప్పుడు, కాళ్ల కింద పాలలాంటి తెల్లటి నీళ్లు. సాయంత్రానికి రాతి పొడికి నా కనుబొమ్మలు కూడా ముసలివాడివిలా తెల్లబడేవి. పదో నెలలో ఒకనాడు కొలత తప్పు రాశానని మేనేజరు పదిమంది ముందు గట్టిగా అరిచాడు. టేపు పట్టుకున్నవాడు చెప్పిందే నేను రాశాను. ఆ ముక్క చెప్పి ఊరుకుంటే సరిపోయేది. చాక్‌పీసు అక్కడే పడేసి, మిట్టమధ్యాహ్నం బయటికి నడిచి, బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

మా అమ్మ కొలువు సంగతి అడగలేదు. అన్నం గిన్నె ఏదని అడిగింది. అది ఫ్యాక్టరీలోనే ఉండిపోయింది. మరునాడు పొద్దున్నే నాయన ఎవరికీ చెప్పకుండా తాండూరు పోయి, మేనేజరుకు నా తరఫున దండం పెట్టి, గిన్నె తీసుకొని వచ్చాడు. దాన్ని నా ముందు పెట్టి, "గిన్నె నేను తెచ్చిన. ఇగ కొలువు నువ్వు తెచ్చుకో," అన్నాడు. ఆయన తిట్టి ఉంటే నేను ఎదురు మాట్లాడేవాణ్ణి, ఆ రోజే కాస్త బుద్ధి కూడా వచ్చేదేమో.

తర్వాత తాండూరులోనే ఒక పప్పు మిల్లులో గుమాస్తాగా కుదిరాను. ఆ మిల్లు సేటు మంచివాడు. బండి మీది నుంచి దిగిన కందుల్లో ఒక గింజ తీసి పంటి కింద పెట్టి కొరికించి, ఆ చప్పుడును బట్టి సరుకులో తేమ ఎంతుందో ఎలా తెలుసుకోవాలో ఓపికగా నేర్పాడు. పొట్టు దుమ్ముకు తుమ్ములు వస్తున్నా ఆ మిల్లు నాకు బాగా నచ్చింది. మరి ఎందుకు మానేశావని మీరు అడుగుతారు. కరణ్‌కోట దారిలో ఉన్న ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు దగ్గర, కూలీల హాజరు రాసే టైమ్ కీపర్ పని ఉందని తెలిసింది. బల్ల, కుర్చీ, తల మీద ఫ్యాను, పొద్దున పోయే బస్సులో ఇస్త్రీ చొక్కా వేసుకొని కూర్చోవడం, ఇవన్నీ కళ్లముందు ఆడాయి. సేటుకు చెబితే ఆయన ముఖం నల్లబడింది. "నిన్ను ఇంటి పిలగాని తీర్గ చూస్కుంటి గదరా. పో. మళ్ల నా గడప తొక్కకు," అన్నాడు. ఆ తర్వాత ఏడాది దాకా నేను బజారులో ఎదురైతే ముఖం తిప్పుకొనేవాడు. గుమాస్తా పోతే ఇంకో గుమాస్తా దొరుకుతాడు, ఈయనకింత కోపమెందుకని ఆ వయసులో నాకు అర్థం కాలేదు.

నా పెళ్లి ముచ్చట ఈ రెండు కొలువుల నడుమనే జరిగింది. మోమిన్‌పేట్ నుంచి మా మామ సంబంధం చూడడానికి వచ్చేనాటికి నేను మిల్లులో ఉన్నాను, లగ్నం పెట్టుకునేనాటికి ఫ్యాక్టరీలో ఉన్నాను. ఈ మార్పు తెలియక ఆయన తన ఊళ్లో అందరికీ అల్లుడు పప్పు మిల్లు గుమాస్తా అని చెప్పుకున్నాడు. పెళ్లికి నాలుగు రోజుల ముందు సంగతి తెలిసి, నన్ను పక్కకు పిలిచి, "అల్లుడా, ఇంకో కొలువు మారేది ఉంటే ఇప్పుడే చెప్పు, మావోళ్లకు అన్ని ఒక్కపారే చెప్త," అన్నాడు. ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. పాపం, ఆయన నిజంగానే అడిగాడని నాకు చాలా ఏళ్లకు గానీ తట్టలేదు.

ఫ్యాక్టరీలో నా పక్క బల్ల దగ్గర ఒక స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరం ఒకే నెలలో చేరాం, ఒకే బస్సులో వచ్చేవాళ్లం, సరిహద్దు అవతలి ఊళ్ల నుంచి వచ్చే కూలీల దగ్గర ఇద్దరం కలిసే కన్నడం నేర్చుకున్నాం. రెండేళ్లు గడిచాక, నాకంటే వెనక వచ్చిన ఒకాయనను కాంట్రాక్టరు మా మీద పెద్దగా పెట్టాడు. నేను ఆ అవమానం భరించలేకపోయాను. నా స్నేహితుడు ఆ సాయంత్రం బస్టాండు దాకా నా వెంటే వచ్చి, "జర ఆగరాదు. గిట్లాంటియి ఎన్నొస్తయ్, ఎన్ని పోతయ్," అని ఎంతో బతిమాలాడు. నేను వినలేదు. మానేసి, పెళ్లాన్ని తీసుకొని వికారాబాద్‌కు మకాం మార్చాను. సరిగ్గా అయిదు నెలలకు, కాంట్రాక్టరు కింద ఉన్న పాతవాళ్లందరినీ ఫ్యాక్టరీవాళ్లే పర్మినెంట్‌గా తీసుకున్నారు.

ఆ కబురు నా స్నేహితుడే మిఠాయి డబ్బా పట్టుకొని వచ్చి చెప్పాడు. నేను వింటే బాధపడతానని అతనికి తెలుసు, ఇంకొకరి నోట వింటే ఇంకా ఎక్కువ బాధపడతానని కూడా తెలుసు, అందుకే వచ్చాడు. నేను అతన్ని కావలించుకొని, మిఠాయి నోట్లో పెట్టుకున్నాను. అతను పోయాక నా నొసట రాత బాగాలేదని మా ఇంటామెతో అన్నాను. రాతకూ దానికీ సంబంధం లేదని ఇద్దరికీ తెలుసు.

వికారాబాద్‌లో నా తీరు మారిందా అంటే మారలేదు. మొదట లారీ బుకింగ్ ఆఫీసు, తర్వాత ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసు, మధ్యలో ఇంకో ఏడెనిమిది చోట్లు, చివరికి ఎరువులు, పురుగుమందుల దుకాణం. ప్రతిచోటా మొదటి ఆరు నెలలు నా అంత మంచి పనివాడు లేడనిపించుకునేవాణ్ణి. ఆ తర్వాత ఎవరో ఒకరు ఒక మాట అనేవారు, లేక అనకపోయినా అన్నట్టు నాకు తోచేది, అంతే, ఆ గోడలు, ఆ మనుషులు, ఆ గేటు అన్నీ ఒక్కసారిగా ముళ్లలా గుచ్చుకునేవి. పని చేయడం నాకు బాగా వచ్చు. పనిలో ఉండడమే రాలేదు. ఇంకో సంగతి కూడా ఇప్పుడు గుర్తుకొస్తే నవ్వొస్తుంది. మానేసిన రోజున నడుస్తూ ఇంటికి వస్తుంటే ఒళ్లు తేలికై, పండుగ సెలవులు ఇచ్చినట్టు ఉండేది. ఆ సంతోషం ఇంటి గుమ్మం కనబడేదాకానే.

ఎరువుల దుకాణం మానేసిన సంగతి మాత్రం నేను ఇంట్లో చెప్పలేదు. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు, నా బిడ్డ అయిదో తరగతి. రోజూ పొద్దున అన్నం డబ్బా పట్టుకొని బయల్దేరి, రైల్వే స్టేషన్‌లో బల్ల మీద కూర్చొని, వచ్చే బండ్లూ పోయే బండ్లూ చూసి, సాయంత్రం ఇల్లు చేరేవాణ్ణి. నాలుగో రోజు సాయంత్రం బిడ్డ స్కూల్లో ఇచ్చిన ఫారం తెచ్చి సంతకం పెట్టమంది. అన్ని గడులూ తనే పెన్నుతో ముత్యాల్లాంటి అక్షరాలతో నింపింది. తండ్రి వృత్తి అన్నచోట మాత్రం పెన్సిల్‌తో సన్నగా ఎరువుల దుకాణం అని రాసి ఉంది.

"గదొక్కటి పెన్సిల్‌తోని ఎందుకు రాసినవ్ బిడ్డా?" అని అడిగాను.

"మళ్ల మారితే కొట్టేసి రాయాలె గద నాయినా. గలీజ్ అయితది. టీచర్ తిడ్తది," అంది.

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఆ వయసు పిల్లకు ఎత్తిపొడవడం తెలియదు కూడా. వానొస్తుందేమోనని గొడుగు పెట్టుకున్నట్టు, ఆమె తన జాగ్రత్తలో తానుంది. పెన్సిల్‌తో రాసిన ఆ రెండు మాటలు కూడా అప్పటికే అబద్ధమని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. సంతకం పెట్టి ఇచ్చాను. పిల్ల పుస్తకాలు సర్దుకోవడానికి లోపలికి పోయాక, వంటింటి గుమ్మంలో నిలబడి మా ఇంటామెతో దుకాణం మానేశానని చెప్పాను. ఆమె రొట్టె తిప్పుతూనే, "తెల్సు. నాలుగు దినాల సంది నీ అంగీకి మందుల వాసన లేదు," అంది. కాసేపాగి, "టేషన్ల ఎండకు కూసోకు," అంది.

అంతకుముందు మానేసినప్పుడల్లా వారం తిరిగేసరికి మరో చోట దొరికేది. ఈసారి దొరకలేదు. ఊరు చిన్నది, నా సంగతి నాకంటే ముందే అంతటికీ చేరిపోయింది. ఒక ఏజెన్సీ యజమాని నా పాత కొలువుల కాగితాలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చూసి, ఇంతమంది నిన్నెందుకు తీసేశారని అడిగాడు. వాళ్లు తీసేయలేదు, నేనే మానేశానని కొంచెం గర్వంగానే చెప్పాను. ఆయన కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి, "గదే పరేషాన్. వాళ్లు తీసేస్తే ఎందుకు తీసేసిండ్రని వాళ్లను అడుగుత. నువ్వే మానేస్తే ఎవల్ని అడగాలె?" అన్నాడు. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డాను. ఎటు పోవాలో తోచలేదు. నా పనితనం గురించి నేను దాచుకున్న గొప్పలన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి.

మూడు నెలలు గడిచాక, ఫ్యాక్టరీలో ఉన్న నా స్నేహితుడే మళ్లీ కబురు పంపాడు. తాండూరులో బండల యార్డు నడిపే ఒకామెకు నమ్మకమైన మనిషి కావాలట. భర్త పోయి ఏడాది అయింది, యాభై దాటిన మనిషి, కొంగు భుజం నిండా కప్పుకొని, మగవాళ్లంతా వచ్చిపోయే ఆ యార్డులో తనే కుర్చీ వేసుకొని కూర్చునేది. నా కాగితాలు చూపించబోతే వద్దంది. "తమ్మీ, కొట్లాట లేకుండ మానేసిన కొలువు ఒక్కటన్న ఉన్నదా?" అని అడిగింది.

మిల్లు సేటు సంగతి చెబుదామనుకున్నాను గానీ, అక్కడ మాత్రం ఏమంత మంచిగా వచ్చానని? "లేదమ్మా," అన్నాను.

"నిజం చెప్పినవ్. అయితే ఒక్క ముచ్చట ఇను. పోవద్దని నేను అన. పోవాలె అన్పించిన దినం నా దగ్గరికొచ్చి చెప్పు. చెప్పినంక మూడు నెలలు ఆగు. గప్పుడు గూడ పోవాలె అన్పిస్తే పో, నేనే బస్సెక్కిచ్చి వస్త."

రేపటి నుంచి రమ్మంది. రోజూ వికారాబాద్ నుంచి పొద్దున ప్యాసింజర్‌లో పోయి సాయంత్రం తిరిగి వచ్చేవాణ్ణి. ఏడో నెలలోనే ఆ మాట చెప్పే రోజు రానే వచ్చింది. లారీకి బండలు ఎత్తించే దగ్గర మేస్త్రీ నాకు ఎదురు మాట్లాడాడు. నేను నేరుగా ఆమె దగ్గరికి పోయి, ఇక నావల్ల కాదమ్మా అన్నాను. "మంచిది. మూడు నెలలు," అని ఆమె మళ్లీ తన పనిలో పడింది. మొదటి నెలంతా మేస్త్రీ ముఖం చూస్తేనే ఒళ్లు మండేది. రెండో నెల వానలు పడి, తడిసిన బండలు జారుతుంటే ఇద్దరం కలిసి దిగుమతి చూసుకోక తప్పలేదు. మూడో నెలలో అతని బిడ్డ పెళ్లి వచ్చింది, పందిట్లో నేను నడుముకు తువ్వాల చుట్టుకొని వడ్డన చేస్తున్నాను. గడువు ఎప్పుడు తీరిందో ఆమె గుర్తు చేయలేదు, నేనూ అడగలేదు. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు అలాగే పోయి చెప్పాను. ప్రతిసారీ ఆమె అదే మాట అంది, ప్రతిసారీ నేను ఆగాను. అయిదోసారి చెప్పాలనిపించలేదు. అలా ఇరవై రెండేళ్లు గడిచిపోయాయి.

మారిన కొలువులు నాకేమీ ఇవ్వలేదని అంటే అబద్ధమే అవుతుంది. యార్డులో బండ అంచు మీద వేలు పెట్టి నాణ్యం చెప్పడం పాలిషింగ్ ఫ్యాక్టరీలో నేర్చిందే, కర్ణాటక నుంచి వచ్చే పనివాళ్లతో వాళ్ల భాషలోనే మాట్లాడి సముదాయించడం టైమ్ కీపర్‌గా నేర్చిందే, లారీలవాళ్లతో బేరం, ఆఫీసులకు ఉత్తరం రాసే పద్ధతి, అన్నీ ఎక్కడో ఒకచోట పట్టుకొచ్చినవే. కానీ ఆగి ఉంటే దొరికేది వేరు. నా స్నేహితుడు అదే ఫ్యాక్టరీలో మెట్టు మెట్టు ఎక్కి సూపర్‌వైజర్ అయ్యాడు, కొత్తగా వచ్చేవాళ్లు అతని దగ్గర పని నేర్చుకునేవాళ్లు. నేను మాత్రం ముప్పై ఎనిమిదేళ్ల దాకా ఎక్కడికి పోయినా కొత్తవాణ్ణే. తలుపు పక్కన చివరి కుర్చీ ఎప్పుడూ నాదే. ఒకచోట సంపాదించుకున్న పరువు ఇంకో చోట చెల్లదు, మళ్లీ మొదటి నుంచి కూడబెట్టుకోవాలి. ఆ కూడబెట్టడంలోనే నా మంచి వయసంతా పోయింది.

ఇళ్లలోకి టైల్స్ వచ్చాక బండలు అడిగేవాళ్లు తగ్గిపోయారు. చివరికి ఆమె యార్డు స్థలం వేరేవాళ్లకు ఇచ్చేసింది. ఆఖరి రోజున నేనూ, ఆమె, మేస్త్రీ ఖాళీ యార్డులో నిలబడి చాయ్ తాగాం. ఆమె అటూ ఇటూ చూసి, "తమ్మీ, ఈపారి నువ్వు గాదు, నేనే మానేస్తున్న," అంది. నేను వదిలేసిన కొలువులు ఎన్నో ఉన్నాయి గానీ, నన్ను వదిలి వెళ్లిపోయిన కొలువు అదొక్కటే. ఆ సాయంత్రం ప్యాసింజర్‌లో కిటికీ వైపు ముఖం పెట్టుకొని ఏడ్చాను.

నా బిడ్డ ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేస్తుంది. చదువు కాగానే చేరిన చోట ఎనిమిదేళ్లు కదలకుండా ఉంది. దానికి కారణం నేనేనని ఆమె ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. ఈ మధ్య కొత్త ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోతే, ఎనిమిదేళ్లు ఒకేచోట ఎందుకుండిపోయారు, ఎదగాలని లేదా అని అడిగారట. ఆ సంగతి నాకు నవ్వుతూ చెప్పింది. ఆ ఉద్యోగం వచ్చింది కూడా. పాత కంపెనీలో ఆఖరి రోజున కంప్యూటరూ, మెడలో వేసుకునే కార్డూ అప్పజెప్పి, సాయంత్రం నాకు ఫోన్ చేసింది. ఎవరేమన్నారు బిడ్డా అని అడిగాను. "ఎవ్వలు ఏమన్లె నాయినా. పెద్దసారు ఫోన్ల ఆల్ ది బెస్ట్ అని మెసేజ్ పెట్టిండు, గంతే," అంది. ఆ గంతే అన్న మాట దగ్గర ఆమె గొంతు కొంచెం తగ్గింది, లేక నాకే అలా వినిపించిందేమో.

మా కాలమే మంచిదని నేను అనను. ఒక్క తొందరపాటుకు ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి నలిగిపోయిన కాలం అది. మారినవాణ్ణి తప్పుచేసినవాడిలా చూడకపోవడం మంచిదే, మారితేనే ముందుకు పోతారన్నా కాదనను. కానీ నా బిడ్డ ఎనిమిదేళ్లు కూర్చున్న కుర్చీలో మరుసటి సోమవారమే ఇంకెవరో వచ్చి కూర్చున్నారట. ఆ వచ్చింది ఎవరో ఈమెకు తెలియదు, అంతకుముందు అక్కడ ఎవరుండేవారో వాళ్లకూ తెలియదు. మేము పోతుంటే తిట్టేవాళ్లుండేవారు, అలిగేవాళ్లుండేవారు, బస్టాండు దాకా వెంటబడి బతిమాలేవాళ్లుండేవారు, అవన్నీ కాళ్లకు పడ్డ బంధాలనుకొని విదిలించుకొని వచ్చాం. ఇప్పటి పిల్లలకు ఆ బాధ లేదు. తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, పోయినవాళ్ల వెనక వాటంతటవే మూసుకుంటాయి, ఎందుకు పోతున్నావని అడిగేందుకు అక్కడ ఎవరూ ఉండరు.